1614 వారసత్వ పోరు, తోపూరు యుద్ధం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం గురించి ఎక్కడ మాట వచ్చినా కృష్ణదేవరాయలు, ఆ వెంటనే తళ్ళికోట, అక్కడితో కథ ఆపేస్తాం. తళ్ళికోట జరిగిన సుమారు యాభై ఏళ్ళకు వేలూరు కోటలో వెంకటపతి రాయల తర్వాత రాజెవరని మొదలైన వారసత్వ గొడవ కావేరి ఒడ్డున పెద్ద యుద్ధం దాకా వెళ్ళిందని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత వచ్చే సందేహాలు మాత్రం దాదాపు ఎప్పుడూ ఇవే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబైనా విడిగా చదువుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: తళ్ళికోట దెబ్బ నుంచి రాజ్యం చాలావరకు తేరుకుంది. 1614 తర్వాత మాత్రం తేరుకోలేదు.

## పోరుకు ముందు

విజయనగరం 1565లోనే అయిపోయింది కదా, మళ్ళీ 1614లో సింహాసనం ఏమిటి?

పాడుబడింది హంపి నగరం. రాజ్యం పోలేదు. 1565 జనవరిలో అళియ రామరాయలు తళ్ళికోట యుద్ధంలో చనిపోయాక ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో, పేరుకు రాజుగా ఉన్న సదాశివరాయలతో పెనుకొండ చేరాడు. కొన్నేళ్ళకు తానే రాజయ్యాడు. అలా మొదలైంది ఆరవీటి వంశపు పాలన. రాజధాని పెనుకొండ నుంచి చంద్రగిరికి, తర్వాత వేలూరుకు మారింది. రాయలసీమ, నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలు, తమిళ దేశంలో చాలా భాగం ఇంకా ఈ రాజుల పేరు మీదే నడిచేవి. శాసనాలు విజయనగర రాజుల బిరుదులతోనే వేయించేవారు.

వెంకటపతి రాయలు అంత పెద్ద రాజా? ఆయన పేరే ఎప్పుడూ వినలేదు.

తిరుమల వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు, పేరు తెలియక దాటిపోయి ఉంటారు. శ్రీవారి ఆలయంలో మహాద్వారం దాటగానే వచ్చే మండపంలో కృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల విగ్రహాలున్నాయి కదా, అక్కడే మరో పక్క చేతులు జోడించి నిలబడిన లోహ విగ్రహం ఈయనదే.

తిరుమలరాయల కొడుకుల్లో చిన్నవాడు. 1586 నుంచి 1614 దాకా పాలించాడు. పెనుకొండ మీదికి వచ్చిన గోల్కొండ సేనను వెనక్కి పంపాడు, తిరగబడిన నాయకుల్ని ఒక్కొక్కరినీ లొంగదీశాడు, వేలూరును లింగమనాయకుడి నుంచి తీసుకుని రాజధాని చేసుకున్నాడు. తళ్ళికోట తర్వాత రాజ్యాన్ని మళ్ళీ నిలబెట్టింది ఆయనే. ఆయనకు దక్కాల్సిన పేరు దక్కలేదన్నది నా బాధ.

నాయకులంటే జమీందార్లలాంటి వాళ్ళా?

కాదు. విజయనగర పద్ధతిలో రాజు ఒక సీమను నాయకుడికి అప్పగిస్తాడు. దాని ఆదాయంలో కొంత రాజుకు కట్టాలి, మిగతా దానితో నిర్ణయించినంత సైన్యాన్ని పోషించి యుద్ధానికి పిలిస్తే రావాలి. దీన్నే అమరనాయంకరం అనేవారు. సైన్యం, కోట, పన్ను వసూలు అన్నీ నాయకుడి చేతిలోనే ఉంటాయి. రాజు గట్టివాడైతే నాయకుడు కప్పం కడతాడు, కాస్త బలహీనపడితే ఆలస్యం చేస్తాడు, ఇంకా బలహీనపడితే మానేస్తాడు.

1600 నాటికి మధుర, తంజావూరు, జింజి నాయకులు దాదాపు చిన్న రాజులే. 1610లో మైసూరు రాజ ఒడెయరు శ్రీరంగపట్నాన్ని రాజప్రతినిధి తిరుమలుడి నుంచి లాగేసుకున్నాడు. ఆ తిరుమలుడు వెంకటపతికి సొంత అన్న కొడుకు. వృద్ధ రాజు ఒడెయరును దండించలేదు సరికదా, ఆ స్వాధీనాన్ని గుర్తించాల్సి వచ్చింది. మిగతా నాయకులంతా అది చూస్తూనే ఉన్నారు.

రాజు తర్వాత పెద్ద కొడుకు రావాలి కదా, ఇందులో తగాదా ఎందుకు వచ్చింది?

అంత ఖచ్చితమైన నియమం అప్పుడు లేదు. కృష్ణదేవరాయలు తన పసిబిడ్డను కాదని తమ్ముడు అచ్యుతరాయల్ని వారసుడిగా చెప్పి పోయాడు. 1542లో అచ్యుతరాయలు చనిపోతే ఆయన బాల వారసుణ్ణి మేనమామ సలకరాజు తిరుమలుడే చంపించి గద్దెనెక్కాడు. అతణ్ణి రామరాయలు ఓడించి సదాశివుణ్ణి కూర్చోబెట్టాడు. వెంకటపతి రాయలు కూడా రాజైంది అన్న కొడుకుల్ని పక్కకు నెట్టిన తర్వాతే. రాజు మాట, రాజబంధువుల బలం, పెద్ద నాయకుల అంగీకారం, ఈ మూడూ కలిస్తేనే రాజు. 1614లో మొదటిది ఒకవైపు, రెండోది ఇంకోవైపు ఉన్నాయి. మూడోది రెండుగా చీలింది.

రాణి వేరేవాళ్ళ బిడ్డను తెచ్చి తన కొడుకని చెప్పిందట, నిజమేనా?

ఈ కథ మానుయెల్ బారాదాస్ అనే పోర్చుగీసు జెసూట్ పాదిరి 1616 డిసెంబరు 12న కొచ్చి నుంచి రాసిన ఉత్తరంలో ఉంది. వెంకటపతికి చాలామంది భార్యలున్నా సంతానం లేదు. గొబ్బూరి జగ్గరాయుడి ఇంటి ఆడపడుచు బాయమ్మ పట్టపు రాణి. ఆమె గర్భం నటించి, ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను రహస్యంగా తెప్పించుకుని తన బిడ్డగా పెంచిందని ఆయన రాశాడు. రాజుకు సంగతి తెలుసు, రాణి మీద ప్రేమతో బయటపెట్టలేదట. పిల్లవాడికి పద్నాలుగేళ్ళు వచ్చాక గొబ్బూరి వాళ్ళింటి పిల్లనే ఇచ్చి పెళ్ళి కూడా చేశారని చెబుతాడు.

ఇది గెలిచిన పక్షం ప్రచారమేమో అని అనుమానించడం తప్పు కాదు. అంతఃపురంలో జరిగిన దానికి సాక్ష్యం తేలేం. నాకు గట్టిగా అనిపించేది వేరే ఉంది: ఆ కుర్రవాడు తన కొడుకేనని రాజు నమ్మి ఉంటే, చావు పడక మీద అన్న కొడుకును పిలిపించేవాడు కాదు.

## ఉంగరం, చెర, హత్య

రాజు చనిపోయే ముందు ఉంగరం ఇచ్చాడంటారు, అక్కడ ఏం జరిగింది?

1614 అక్టోబరు. మరణానికి మూడు రోజుల ముందు వెంకటపతి రాయలు కొందరు నాయకుల ఎదుట అన్న కొడుకు శ్రీరంగరాయల్ని దగ్గరికి పిలిచాడు. ఇతణ్ణే చిక్కరాయలు అంటారు. రాజముద్ర ఉన్న ఉంగరంతో కుడిచేయి చాచి, తీసుకోమన్నాడు. బారాదాస్ ఉత్తరంలో ఈ ఘట్టం కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. శ్రీరంగుడు ఒక్కసారిగా ఏడ్చేశాడు. మీకిష్టమైన వేరెవరికైనా ఇవ్వండి, నాకు రాజ్యం వద్దని వంగి వేడుకున్నాడు. రాజు సైగ చేస్తే పక్కనున్నవాళ్ళు అతణ్ణి లేపి కుడివైపు నిలబెట్టారు. రాజు మళ్ళీ చేయి చాచాడు. శ్రీరంగుడు రెండు చేతులూ తల పైకెత్తి, తీసుకోనందుకు క్షమించమన్నాడు. ఆ ఉంగరం తనకు తెచ్చే కీడు ముందే తెలిసినట్టు ఉందని పాదిరి రాశాడు. వృద్ధుడు ఉంగరాన్ని వేలి కొసకు తెచ్చి మరోసారి అందించాడు. చుట్టూ ఉన్న నాయకులు చెప్పగా అప్పుడు తీసుకుని, తలకు తాకించి, కన్నీళ్ళతోనే వేలికి పెట్టుకున్నాడు.

తర్వాత రాజు రెండు లక్షల క్రుజాదోల రాజవస్త్రాన్ని, ఆరు లక్షలకు పైగా విలువైన చెవి వజ్రాన్ని, కుండలాల్ని, ముత్యాల్ని తెప్పించి ఇచ్చాడు. ఈ విలువలు పోర్చుగీసు నాణెంలో, బారాదాస్ వేసిన లెక్క.

అంత బహిరంగంగా, సాక్షుల ముందు అధికారం అప్పగించాడంటే గొడవ రాబోతోందని ఆ ముసలి రాజుకు బాగా తెలుసనే నేననుకుంటాను.

అంత స్పష్టంగా వారసుణ్ణి ప్రకటిస్తే జగ్గరాయుడు ఎందుకు తిరగబడ్డాడు?

ఎందుకంటే శ్రీరంగుడు రాజైతే గొబ్బూరి ఇల్లు ఒక్క రోజులో మామూలు నాయకుల ఇల్లయిపోతుంది. వెంకటపతి కాలంలో పట్టపు రాణి వాళ్ళ ఆడపడుచు, వారసుడు అనుకున్న కుర్రవాడు వాళ్ళ పెంపకం. ఆస్థానంలో వాళ్ళ మాటకు తిరుగు లేదు. కుర్రవాడు గద్దెనెక్కితే అది అలాగే కొనసాగుతుంది, పైగా పాలన జగ్గరాయుడి చేతికి వస్తుంది. తిమ్మనాయకుడు, మాకరాజు అనే మరో ఇద్దరు పెద్ద నాయకులు కూడా అతనితో కలిశారు. కొత్త రాజుకు నాయకుల్ని కలుపుకుపోయే నేర్పు కూడా లేకపోయింది. మొదటి వారాల్లో ఒక రాజుకు అన్నిటికంటే అవసరమైన నేర్పు అదే.

రాజును సొంత కోటలోనే ఎలా బంధించగలిగారు?

కోటలో ఉన్న సైన్యం చాలావరకు నాయకుల సైన్యమే కాబట్టి. తలుపులు కాసేవాళ్ళు, లోపలికి వచ్చేవాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. జగ్గరాయుడు మనుషులతో వచ్చి తలుపులు తీయించుకుని నేరుగా రాజు దగ్గరికి వెళ్ళాడు. మర్యాదగానే మాట్లాడి, అక్కడి నుంచి కదలమన్నాడు. శ్రీరంగుణ్ణి భార్యాబిడ్డలతో వేరే భవనానికి తరలించి కాపలా పెట్టారు. వెంటనే బాయమ్మ కొడుకుగా చెప్పుకునే కుర్రవాడికి పట్టం కట్టారు. పెద్దగా రక్తపాతం లేకుండానే రాజు మారిపోయాడు. చాలామంది నాయకులు వచ్చి కొత్త రాజుకు దండం పెట్టారు.

అందరూ ఒప్పుకున్నారా మరి?

వెలుగోటి యాచమనాయకుడు ఒప్పుకోలేదు. అప్పటికే పేరున్న సేనాని. 1601లో ఉత్తరమల్లూరు దగ్గర, ఇప్పటి ఉత్తిరమేరూరు, వేలూరు లింగమనాయకుడి పక్షాన వచ్చిన దావుల పాపానాయుణ్ణి ఓడించి చంపినవాడు. వెంకటపతికి నమ్మిన బంటు. ఉంగరం ఎవరి చేతికి వెళ్ళిందో అతనే రాజని పట్టుబట్టి, కొత్త కుర్రవాడికి దండం పెట్టకుండా తన సైన్యంతో విడిగా నిలబడ్డాడు. జగ్గరాయుడు ఎన్ని ఆశలు పెట్టినా కదల్లేదు. ఆ సమయంలో బలం ఎటు ఉందో చూసుకుని అటు చేరడమే అందరూ చేసిన పని. యాచముడిది వేరే దారి. ఈ మొత్తం కథలో నాకు అత్యంత గౌరవం ఉన్న మనిషి ఆయనే.

చాకలి మూటలో రాజకుమారుణ్ణి దాటించారన్నది కట్టుకథా?

కట్టుకథలా ఉంటుంది కానీ సమకాలికుడైన బారాదాసే రాశాడు. చెరలో ఉన్న రాజకుటుంబం బట్టలు ఉతకడానికి చాకలి లోపలికి వచ్చి వెళ్ళేవాడు. కాపలావాళ్ళు అతణ్ణి పట్టించుకునేవాళ్ళు కాదు. యాచమనాయకుడు ఆ చాకలితో మాట్లాడుకున్నాడు. శ్రీరంగరాయల రెండో కొడుకు రాముడు, పన్నెండేళ్ళ వయసు, మాసిన బట్టల మూటలో బయటికి వచ్చాడు. ఎత్తుకొచ్చినవాడు పట్టుబడితే ప్రాణం దక్కేది కాదు.

ఆ చాకలి పేరు ఎవరూ రాయలేదు. ఆరవీటి వంశంలో ఆ కొమ్మ మిగిలిందంటే అతనివల్లే. ఆ పిల్లవాడే తర్వాత రామదేవరాయలు అయ్యాడు.

రాజును విడిపించే ప్రయత్నం చేయలేదా? చివరికి ఏమైంది?

చేశారు, ఫలించలేదు. లోపలి నుంచి సొరంగం తవ్వించి రాజును తప్పించబోతే బయటపడింది. తర్వాత ఒక నాయకుడి మనుషులు కాపలావాళ్ళ మీద పడి చంపి రాజును తీసుకుపోవాలని చూశారు. అదీ కుదరలేదు. దానితో రాజు బతికున్నంత కాలం తమకు నిద్ర లేదని జగ్గరాయుడి పక్షం తేల్చుకుంది.

జగ్గరాయుడి తమ్ముడు చెరసాలకు వెళ్ళి, నువ్వే చస్తావా లేక మేము చంపాలా అని రాజును అడిగాడట. శ్రీరంగుడు రాణిని, బిడ్డల్ని తన చేత్తోనే కత్తికి బలిచేసి తానూ చనిపోయాడని బారాదాస్ రాశాడు. ఏ విధంగా చూసినా ఇది హత్యే. అప్పటిదాకా గోడ మీద కూర్చున్న చాలామంది నాయకులు ఈ వార్త వినగానే జగ్గరాయుణ్ణి వదిలి యాచమనాయకుడి దగ్గరికి వచ్చారు.

జగ్గరాయుడూ, పెనుకొండను కాపాడిన జగదేవరాయలూ ఒకరేనా?

కాదు, ఇద్దరూ వేరు. జగదేవరాయలు వెంకటపతి పాలన తొలి రోజుల్లో గోల్కొండ సేన నుంచి పెనుకొండను కాపాడిన సేనాని. బారామహల్, చెన్నపట్టణ (కర్ణాటకలోది) ప్రాంతాలతో అతని వంశానికి సంబంధం. జగ్గరాయుడు గొబ్బూరి వంశంవాడు, వెంకటపతికి అత్తవారివైపు చుట్టం. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకరి ఘనత ఇంకొకరికి అంటగట్టేస్తున్నారు.

## నాయకులు విడిపోయారు, తోపూరు దగ్గర కలబడ్డారు

ఎవరు ఎటువైపు నిలబడ్డారు?

రామదేవుడి పక్షాన యాచమనాయకుడు, తంజావూరు రఘునాథనాయకుడు. జగ్గరాయుడి పక్షాన మధుర ముత్తువీరప్పనాయకుడు, జింజి కృష్ణప్పనాయకుడు. మొదట యాచముడి చేతిలో ఓడి జగ్గరాయుడు అడవుల్లోకి పారిపోయాడు. అక్కడి నుంచి దక్షిణాది నాయకుల్ని కూడగట్టాక వేలూరు గొడవ కాస్తా తమిళ దేశమంతటి యుద్ధమైంది.

మధుర, జింజి నాయకులకు ఈ గొడవతో ఏం పని?

వారసుడు ఎవరన్నది వాళ్ళకు పెద్ద విషయం కాదు. వెంకటపతి బతికున్నప్పుడు మధుర మీదికి ఒకటికి రెండుసార్లు సైన్యాన్ని పంపి కప్పం వసూలు చేశాడు. జింజి కృష్ణప్ప తిరగబడితే పట్టుకుని చెరలో పెట్టాడు. ఇప్పుడు పైన ఉన్నది తమ మీద ఆధారపడే కుర్రవాడైతే కప్పం అడిగేవాడు ఉండడు. జగ్గరాయుడు గెలిస్తే వాళ్ళకు రుణపడి ఉంటాడు, ఎవరూ గెలవక యుద్ధం సాగినా వాళ్ళకు నష్టం లేదు. వారసత్వ తగాదా వాళ్ళకు దొరికిన సాకు. ప్రాంతాల తిరుగుబాటు అంటే ఇదే.

తంజావూరు రఘునాథనాయకుడు మాత్రం రాజవంశం వైపు ఎందుకు ఉన్నాడు?

తంజావూరు మొదటి నుంచీ రాయలకు విధేయంగా ఉన్న రాజ్యం. రఘునాథుడు యువరాజుగా ఉన్నప్పుడు వెంకటపతి కోసం గోల్కొండ సేనతో పోరాడాడని ఆస్థాన కావ్యాలు చెబుతాయి. పక్కనే మధుర, పైన జింజి ఉన్నాయి, రెండూ పోటీదార్లే. వాళ్ళిద్దరూ ఒకవైపు ఉంటే ఇతను రెండోవైపు ఉండటం రాజకీయంగా కూడా సరైన లెక్కే. అవే కావ్యాల్లో ఇంకో సంగతి ఉంది: చెరలో ఉన్న జింజి కృష్ణప్పను వెంకటపతికి చెప్పి విడిపించింది రఘునాథుడే, ఆ కృతజ్ఞతతో కృష్ణప్ప తన కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. అంటే తోపూరులో మామా అల్లుళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు.

తోపూరు ఎక్కడుంది? ధర్మపురి దగ్గరి తోపూరు ఘాటేనా?

అది కాదు. మ్యాప్‌లో వెతికితే ముందు ధర్మపురి జిల్లాలోని ఘాటు రోడ్డే వస్తుంది, అందుకే ఈ పొరపాటు. యుద్ధం జరిగిన తోపూరు తిరుచిరాపల్లికీ తంజావూరుకీ మధ్య, కావేరి మీది కల్లణై దగ్గర ఉంది. కల్లణైనే మనం గ్రాండ్ ఆనకట్ట అంటాం. జగ్గరాయుడు మధుర, జింజి సేనలతో తిరుచిరాపల్లి వైపున చేరాడు. యాచముడు ఉత్తరం నుంచి రామదేవుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి రఘునాథుడితో కలిశాడు. రెండు దండులూ ఆ మైదానంలో ఎదురుపడ్డాయి. 1616 చివర్లో అని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు, కొందరు 1617 అంటారు.

పది లక్షల సైన్యం పోరాడిందని చదివాను, నమ్మొచ్చా?

ఆ అంకె బారాదాస్ ఉత్తరంలోదే. తిరుచిరాపల్లి మైదానాల్లో పక్షానికి లక్ష మాత్రమే కాదు, మొత్తం పది లక్షల దాకా సైనికులు చేరారని రాశాడు. నేను నమ్మను. కొచ్చిలో కూర్చుని విన్న మాట అది. అంతమందికి, గుర్రాలకు, ఏనుగులకు ఒకచోట తిండి, నీళ్ళు సమకూర్చడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. అయితే దక్షిణాదిలో అప్పటి పెద్ద నాయకులందరూ తమ బలగాలతో అక్కడ ఉన్నారన్నది నిజం. అంకె మీద కంటే దాని వెనకున్న భయం మీద నాకు నమ్మకం ఎక్కువ. చూసినవాళ్ళు చెప్పుకున్నంత పెద్దదిగా ఆ దండు కనిపించింది.

కావేరి ఆనకట్టను తెగగొట్టారట, ఎవరు?

రఘునాథుడు ముందుకు రాకుండా జగ్గరాయుడి పక్షం కావేరి ఆనకట్టను కొట్టించిందని తంజావూరు కవులు రాశారు. వాళ్ళు రఘునాథుడి ఆస్థానంవాళ్ళు కాబట్టి ఎదుటివాళ్ళ మీద కోపం ఉంటుంది. అయినా ఇది సాధ్యమేనని నాకనిపిస్తుంది. తంజావూరు సీమ వరి మొత్తం ఆ నీటి పంపకం మీదే ఆధారపడింది. అక్కడ కట్ట తెగితే సైన్యం దారే కాదు, రైతు నాటిన మడీ పోతుంది. రాజు ఎవరో ఎన్నడూ చూడని రైతు కూడా ఆ గొడవలో నష్టపోయి ఉంటాడు.

జగ్గరాయుణ్ణి చంపింది ఎవరు?

యుద్ధంలో చనిపోయాడు, అందులో అనుమానం లేదు. చంపిన ఘనత మాత్రం ఎవరి కవులు వాళ్ళ నాయకుడికే ఇచ్చుకున్నారు. వెలుగోటి వారి వంశావళి యాచమనాయకుడికి ఇస్తుంది, తంజావూరు కావ్యాలు రఘునాథుడికి ఇస్తాయి. జగ్గరాయుడు పడిపోగానే అతని పక్షం చెల్లాచెదురైంది. ముత్తువీరప్ప పారిపోతుంటే యాచముడి సేనాని తిరుచిరాపల్లి దగ్గర పట్టుకున్నాడు. గెలిచినవాళ్ళు జయస్తంభం నాటి, 1617 తొలి నెలల్లో రామదేవుడికి పట్టం కట్టారు. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు.

ఇది కులాల మధ్య గొడవ కదా?

కాదు. ఒకే పక్షంలో తెలుగు, తమిళ, కన్నడ సీమల బలగాలున్నాయి, వేర్వేరు సామాజిక వర్గాలవాళ్ళున్నారు. పక్షాలు ఏర్పడింది పెళ్ళిళ్ళ చుట్టరికాల మీద, సీమల మీద, కప్పాల మీద. నాలుగు వందల ఏళ్ళ కిందటి నాయకుల్ని ఇవాళ్టి కుల రాజకీయాల్లోకి లాగి, మావాడు గొప్ప అంటే మావాడు గొప్ప అని తిట్టుకోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది. ప్రాణం పణంగా పెట్టి రాజకుమారుణ్ణి మోసుకొచ్చిన చాకలి గురించి ఆ వాదనల్లో ఒక్కరూ మాట్లాడరు.

## గెలిచిన తర్వాత

అసలు గొడవకు కారణమైన కుర్రవాడు ఏమయ్యాడు? మిగిలిన తిరుగుబాటుదార్ల సంగతి?

ఆ కుర్రవాడు గెలిచినవాళ్ళకు పట్టుబడ్డాడు. అతని సొంత ఇష్టాయిష్టాలు ఏమిటో ఎవరూ రాయలేదు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి పెద్దవాళ్ళు ముందు నిలబెట్టారు, అంతే. జింజి నాయకుడు జింజి కోట తప్ప మిగతా కోటలన్నీ పోగొట్టుకున్నాడు. జగ్గరాయుడి తమ్ముడు యతిరాజు మాత్రం లొంగలేదు, పోరాటం ఇంకొన్నాళ్ళు సాగించాడు.

రామదేవరాయలు తన కుటుంబాన్ని చంపినవాళ్ళింటి పిల్లనే పెళ్ళి చేసుకున్నాడా?

అవును. యతిరాజు కూతుర్ని చేసుకున్నాడు. చదివినప్పుడు మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి యుద్ధంతో ఖజానా ఖాళీ అయిన కుర్ర రాజుకు గొబ్బూరి పక్షాన్ని అణచడం చేతకాలేదు, కలుపుకోవడమే దారి అయింది. ఈ రాజీ యాచమనాయకుడికి నచ్చలేదు. యుద్ధంలో చేజిక్కిన గొబ్బూరి వాళ్ళ సీమను తిరిగి ఇవ్వనన్నాడు. దాంతో యతిరాజుకూ ఆయనకూ మళ్ళీ పోరు మొదలైంది. సింహాసనం నిలబెట్టిన మనిషికీ సింహాసనానికీ మధ్య దూరం పెరిగింది.

ఈ గొడవలు జరుగుతుంటే బీజాపూరు, గోల్కొండ చూస్తూ ఊరుకున్నాయా?

ఊరుకోలేదు. బీజాపూరు సేన కర్నూలు మీదికి ఒకసారి వచ్చి వెనుదిరిగింది, 1624లో మళ్ళీ వచ్చి తీసుకుంది. కర్నూలు పోవడమంటే ఉత్తరాన తుంగభద్ర వాకిలి తెరుచుకోవడమే. తర్వాత పాతికేళ్ళలో జింజి బీజాపూరుకు, గండికోట గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకు పోయాయి. కర్నూలును ఆదుకోవాల్సిన సైన్యాలు అప్పుడు ఒకదాన్నొకటి నరుక్కుంటున్నాయి, లేదా ఆ నష్టం నుంచి కోలుకుంటున్నాయి.

రామదేవరాయల తర్వాతైనా వారసత్వం సాఫీగా సాగిందా?

లేదు. 1632లో ముప్ఫై ఏళ్ళకే, సంతానం లేకుండా చనిపోయాడు. అళియ రామరాయల మనవడైన పెద వెంకటరాయల్ని వారసుడిగా చెప్పాడు. రాజు పినతండ్రి తిమ్మరాజు అది ఒప్పుకోక వేలూరును పట్టుకుని, 1635లో చనిపోయేదాకా తిరుగుబాటు నడిపాడు. పెద వెంకటరాయలకు సొంత సోదరుడి కొడుకు శ్రీరంగుడే ఎదురు తిరిగి, 1638లో బీజాపూరు సేనను తోడు తెచ్చుకున్నాడు. 1642లో అదే శ్రీరంగుడు రాజయ్యాడు. చరిత్రకారులు మూడో శ్రీరంగరాయలు అనే ఈయన తన మీదికి తానే రప్పించిన బీజాపూరుతో జీవితమంతా పోరాడాల్సి వచ్చింది. చివరికి సొంత రాజ్యం లేక ఇక్కేరి నాయకుడి ఆశ్రయంలో బేలూరులో గడిపాడు.

మద్రాసు పుట్టుకకూ దీనికీ సంబంధం ఉందా?

నేరుగా లేదు, వెనకాల ఉంది. 1639 ఆగస్టు 22న ఇంగ్లీషు కంపెనీ ఫ్రాన్సిస్ డేకి మద్రాసపట్నం తీరాన్ని ఇస్తూ పట్టా రాసింది దామెర్ల వెంకటప్పనాయకుడు, పెద వెంకటరాయల కింది నాయకుడు. చెన్నపట్నం అన్న పేరు అతని తండ్రి దామెర్ల చెన్నప్ప పేరు మీద వచ్చింది. అంతకు ముందే 1620లో రఘునాథనాయకుడు డెన్మార్కువాళ్ళకు తరంగంబాడి ఇచ్చాడు. వెంకటపతి కాలంలో కూడా విదేశీయులు వచ్చారు, డచ్చివాళ్ళకు 1613 నాటికి పులికాటులో కోట ఉంది. కానీ అప్పుడు వాళ్ళు రాయల దర్బారుకు కానుకలతో రాయబారాలు పంపి అనుమతి తెచ్చుకునేవారు. 1617 తర్వాత సముద్రతీరపు బేరాలు ఎక్కువగా స్థానిక నాయకుడి దగ్గరే తేలిపోయేవి.

ఇవన్నీ మనకు ఎలా తెలిశాయి? ఒక్క పాదిరి ఉత్తరమేనా ఆధారం?

ఒక్కటే కాదు. ఉంగరం, చెర, చాకలి మూట లాంటి దగ్గరి వివరాలు బారాదాస్ నుంచి వచ్చాయి. దాన్ని 1900లో రాబర్ట్ సూయెల్ ఇంగ్లీషులో వెలుగులోకి తెచ్చాడు. యుద్ధం సంగతులు వెలుగోటి వారి వంశావళి, రామభద్రాంబ సంస్కృతంలో రాసిన రఘునాథాభ్యుదయం వంటి వాటిలో ఉన్నాయి. పాదిరి దూరం నుంచి విన్నాడు, కవులు పోషకుణ్ణి పొగిడారు. రెండు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చినా జగ్గరాయుడి కుట్ర, రాజు హత్య, యాచముడి విధేయత, తోపూరు గెలుపు అన్న నాలుగు విషయాల్లో మాట కలుస్తుంది. అందుకే ఆ నాలుగింటినీ గట్టిగా చెప్పగలుగుతున్నాం.

ఆ చోట్లు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

తిరుపతి వెళ్ళినప్పుడు ఓ పూట చంద్రగిరి కోటకు కేటాయించండి. రాజమహల్ ఇప్పుడు పురావస్తు మ్యూజియం. అక్కడి నుంచి వేలూరు ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు. కోట చుట్టూ నీటి కందకం, లోపల జలకంఠేశ్వర ఆలయం బాగా నిలిచి ఉన్నాయి. తిరుచిరాపల్లి నుంచి కల్లణై దగ్గరే, బస్సులు ఉంటాయి. ఇంకా ఓపిక ఉంటే తరంగంబాడిలో సముద్రం ఒడ్డున డేనిష్ కోట చూడొచ్చు. వేలూరు, కల్లణై రెండూ చూసేవాళ్ళు యుద్ధం సాగిన క్రమంలో ముందు వేలూరు, తర్వాత కల్లణై పెట్టుకుంటే, యాచముడు కుర్ర రామదేవుణ్ణి వెంటబెట్టుకుని ఎంత దూరం వచ్చాడో తెలుస్తుంది.